ఏట్లో బంగారం, ఆఫీసులో హక్కు

కాలిఫోర్నియాలో ఫోల్సమ్, ఎల్ డొరాడో హిల్స్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు బాగానే ఉన్నాయి. ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వచ్చినప్పుడు వాళ్లను తీసుకెళ్లే చోట్లలో కొలోమా ఒకటి. అమెరికన్ నది దక్షిణపాయ ఒడ్డున, 1848 జనవరి 24న జేమ్స్ మార్షల్ అనే వడ్రంగి రంపపు మిల్లు కాలవలో బంగారు రేకు చూసిన ఊరది. అక్కడ పిల్లల చేతికి పళ్లెం వస్తుంది. వాళ్లు ఇసుక కడుగుతారు, అడుగున ఏదో మెరుస్తుంది. తిరిగి కారెక్కేసరికి ఇంటాయన ప్లాను వేసేస్తాడు: "వచ్చే లాంగ్ వీకెండ్‌కి టెంట్ తెచ్చుకుందాం. ఇదంతా గవర్నమెంటు అడవే కదా, ఎక్కడ దిగితే అక్కడే."

పాపం, ఆ మాట పూర్తిగా అబద్ధమూ కాదు. సామాన్యుడు ప్రభుత్వ భూమిలో గుడారం వేసుకుని, పక్కనే ఏట్లో బంగారం వెతుక్కుని, దొరికింది జేబులో వేసుకోగల దేశాలు కొన్నే ఉన్నాయి. అమెరికా వాటిలో ఒకటి. చిక్కల్లా ఎక్కడంటే, నేల ఎవరిది, నేల కింది ఖనిజం ఎవరిది, ఆ నేల మీద రాత్రి పడుకోవచ్చా అన్నవి అక్కడ మూడు వేరువేరు ప్రశ్నలు. ఒకదానికి అవునన్నారు కదా అని మిగతా రెండిటికీ అవుననుకుంటే జరిమానా కట్టాల్సిందే.

అపోహ: టెంట్ వేయనిచ్చారంటే తవ్వుకోనిచ్చినట్టే

యోసెమిటీ నేషనల్ పార్కుకు వెళ్లండి. ముందుగా బుక్ చేసుకుంటే క్యాంప్‌గ్రౌండ్‌లో హాయిగా పడుకోవచ్చు. కానీ అక్కడి మెర్సెడ్ నదిలో పళ్లెం పెట్టకూడదు. నేషనల్ పార్కుల్లో రాయి, రప్ప, ఖనిజం ఏదీ తీసుకెళ్లకూడదన్నది సాధారణ నియమం. మెటల్ డిటెక్టరుకూ అనుమతి లేదు. ఇప్పుడు కొలోమాకు రండి. మార్షల్ గోల్డ్ డిస్కవరీ స్టేట్ హిస్టారిక్ పార్కులో ఒక నిర్ణీత గట్టున పళ్లెంతో కడుక్కోవచ్చు. అదీ చేతులతో, పళ్లెంతో మాత్రమే, పారలూ గునపాలూ కుదరవు. కానీ ఆ పార్కులో రాత్రి ఉండటానికి లేదు. ఒకచోట నిద్రకు సరే, బంగారానికి కాదు. ఇంకోచోట బంగారానికి సరే, నిద్రకు కాదు.

రెండూ ఒకేచోట కుదరాలంటే ముఖ్యంగా చూడాల్సినవి రెండు సంస్థల భూములు. ఒకటి బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్, అందరూ బీఎల్‌ఎం అనేది. దాని చేతిలో దాదాపు 24.5 కోట్ల ఎకరాలున్నాయి. రెండోది ఫారెస్ట్ సర్వీస్, దాని కింద 19.3 కోట్ల ఎకరాల నేషనల్ ఫారెస్టులున్నాయి. నేషనల్ పార్కు, నేషనల్ ఫారెస్టు పేర్లు వినడానికి ఒకేలా ఉంటాయి. మనవాళ్లు తడబడేది ఎక్కువగా ఇక్కడే. పార్కు పని కాపాడటం. ఫారెస్టులో కలప కొడతారు, పశువులు మేపుతారు, గనులు తవ్వుతారు, జనం గుడారాలు వేస్తారు. అందుకే తాహో, ప్లూమాస్, ఎల్ డొరాడో నేషనల్ ఫారెస్టుల్లో దొరికే స్వేచ్ఛ యోసెమిటీలో దొరకదు.

ఫారెస్టులోనూ ప్రతి అంగుళమూ తెరిచి ఉండదు. విల్డర్‌నెస్‌గా ప్రకటించిన ప్రాంతాల్లో 1984 నుంచి కొత్త గని హక్కులు పుట్టవు. 'వైల్డ్' నదిగా చట్టంలోకెక్కిన పాయల వెంబడీ అంతే. ఆదివాసీ తెగల రిజర్వేషన్ భూమి అసలు పబ్లిక్ భూమే కాదు, అది ఆ తెగది.

మ్యాపు చూడటం వస్తే సగం గొడవ తీరుతుంది. అమెరికా భూమి మ్యాపుల్లో బీఎల్‌ఎం భూమి పసుపు, ఫారెస్టు ఆకుపచ్చ, రాష్ట్ర భూమి నీలం, ప్రైవేటుది తెలుపు. సియెర్రా పర్వతాల్లో కొన్నిచోట్ల ఆకుపచ్చ, తెలుపు గళ్లు చదరంగం పలకలా మారిమారి వస్తాయి. 1862 నుంచి రైలుమార్గం వేసిన కంపెనీలకు ప్రభుత్వం మైలుకు మైలు చొప్పున గడి విడిచి గడి భూమి రాసిచ్చిన ఫలితం అది. అడవిలో నడుస్తుంటే మీకు తేడా తెలియదు, చెట్లు రెండువైపులా ఒక్కలాగే ఉంటాయి. వంద అడుగులు పక్కకు జరిగితే మాత్రం మీరు ఎవరి సొంత భూమిలోనో నిలబడి ఉంటారు.

అపోహ: కంచె లేదు, బోర్డు లేదు, కాబట్టి ఖాళీ జాగా

అన్నిట్లోకీ ఖరీదైన అపోహ ఇది. 1872 మే 10న అధ్యక్షుడు గ్రాంట్ సంతకం పెట్టిన గనుల చట్టం ఈనాటికీ అమల్లో ఉంది. దాని ప్రకారం, తెరిచి ఉన్న ప్రభుత్వ భూమిలో విలువైన ఖనిజం కనిపెట్టినవాడు నాలుగు మూలలా గుర్తులు పాతి, నోటీసు పెట్టి, ఆ ముక్కను 'క్లెయిమ్' చేసుకోవచ్చు. ఏటి ఇసుకలోని బంగారానికి మనిషికి 20 ఎకరాల దాకా. ఎనిమిది మంది కలిస్తే 160 ఎకరాల దాకా. కేంద్ర ప్రభుత్వానికి రాయల్టీ ఒక్క సెంటు కట్టక్కర్లేదు. ఏటా సెప్టెంబర్ 1 నాటికి నిర్వహణ రుసుము కడితే చాలు. 2024 నుంచి అది 20 ఎకరాల క్లెయిమ్‌కు 200 డాలర్లు. పదికి మించకుండా క్లెయిమ్‌లున్న చిన్నవాళ్లు మినహాయింపు కోరవచ్చు.

క్లెయిమ్ పడిన చోట ఖనిజం ఆ మనిషిదే. పైన చెట్టు, గాలి, దారి మాత్రం ఇంకా ప్రజలవే. అంటే ఆ క్లెయిమ్ మీదుగా మీరు నడిచి వెళ్లొచ్చు, చేపలు పట్టొచ్చు, వాళ్ల పనికి అడ్డం రానంతవరకు కూచుని భోంచేయొచ్చు. 1955లో వచ్చిన చట్టం ఆ హక్కును నిలబెట్టింది. కానీ వాళ్ల ఇసుక కడగకూడదు. కాలిఫోర్నియా శిక్షాస్మృతిలో క్లెయిమ్‌లోంచి బంగారు పొడి ఎత్తుకెళ్లడం మీద విడిగా ఒక సెక్షనే ఉంది. దాన్ని దొంగతనం కిందే లెక్క కడతారు. సరదాకి కడిగానంటే ఎదుటివాడు నవ్వి వదిలేస్తాడన్న భరోసా ఏమీ లేదు.

క్లెయిమ్ ఉందో లేదో తెలుసుకోవడం ఎలా? ఏటి ఒడ్డున తిరిగి గుర్తులు చూడాలి. రాళ్ల పోగు, కర్రగుంజ, దానికి కట్టిన డబ్బాలో మడిచిపెట్టిన కాగితం. పాతకాలంలో తెల్ల ప్లాస్టిక్ పైపులు కూడా పాతేవారు. గూడు అనుకుని పక్షులు లోపల దూరి, పైకి రాలేక చచ్చిపోతున్నాయని నెవాడాలో మూతలేని బోలు పైపులను నిషేధించారు. గుర్తులు కూలిపోవచ్చు, ఎలుగుబంటి పీకేయొచ్చు, వరదకు కొట్టుకుపోవచ్చు. గుర్తు కనబడలేదంటే హక్కు పోయిందని కాదు.

కాబట్టి కాగితం చూడాలి. బీఎల్‌ఎం ఆన్‌లైన్‌లో ఎంఎల్‌ఆర్‌ఎస్ అనే రికార్డుల వ్యవస్థ నడుపుతుంది, ఎవరైనా ఉచితంగా వెతకవచ్చు. అక్కడా ఒక మెలిక ఉంది. అది క్లెయిమ్‌ను చాలాసార్లు 160 ఎకరాల గడి లెక్కన చూపిస్తుంది, ఆ గడిలో ఏ మూలనో చెప్పదు. కచ్చితమైన హద్దులు కావాలంటే కౌంటీ రికార్డర్ ఆఫీసులో అసలు నోటీసు తీయించాలి. పైగా గుర్తులు పాతినవాడికి దాన్ని బీఎల్‌ఎంలో నమోదు చేయించడానికి 90 రోజుల గడువుంది. నిన్న పాతిన క్లెయిమ్ ఇవాళ స్క్రీన్ మీద ఉండకపోవచ్చు. ఆన్‌లైన్ చూపేది ఒకటి, నేల చూపేది ఒకటి. రెండూ చూసినవాడే చూసినట్టు.

ఇంత తలనొప్పి ఎందుకు అనుకునేవాళ్లకు ఒక దొడ్డిదారి ఉంది. చట్టబద్ధమైనదే. కొన్ని జాగాలను ప్రభుత్వం కొత్త క్లెయిమ్‌లకు మూసేసి, సరదా ప్యానింగ్‌కు, అంటే పళ్లెంతో కడుక్కోవడానికి, మాత్రం వదిలింది. అరిజోనాలో ప్రెస్కాట్ నేషనల్ ఫారెస్టులోని లింక్స్ క్రీక్ అలాంటిది. అక్కడ ఎవరికీ క్లెయిమ్ పుట్టదు కాబట్టి ఎవరి సొమ్మో ముట్టుకుంటున్నామన్న భయం తక్కువ. 'గనులకు మూసేసిన భూమి' అని చదవగానే మనవాళ్లు ఆ పేరు కొట్టేస్తారు. కొత్తవాడు ముందుగా వెతకాల్సింది దాన్నే. ఆబర్న్ స్టేట్ రిక్రియేషన్ ఏరియాలాంటి కాలిఫోర్నియా రాష్ట్ర స్థలాలు కొన్నిటిలో కూడా చేతులతో, పళ్లెంతో అనుమతిస్తారు. షాస్టా దగ్గరి విస్కీటౌన్‌ను నడిపేది నేషనల్ పార్క్ సర్వీసే అయినా, అక్కడ పళ్లెంతో కడగడానికి వీలుంది. నియమానికి మినహాయింపులు ఇలా ఉంటాయి కాబట్టే పేరు చూసి కాకుండా చోటు చూసి అడగాలి. గోల్డ్ ప్రాస్పెక్టర్స్ అసోసియేషన్ ఆఫ్ అమెరికా లాంటి సంఘాలు సభ్యత్వం కడితే తమ క్లెయిమ్‌లలో కడుక్కోనిస్తాయి. మొదటి ఏడాదికి అదేమీ చెడ్డ బేరం కాదు.

అపోహ: నది అందరిదీ, నీళ్లలో దిగితే ఎవరూ అడగరు

పడవ వేసుకుని పోవడానికి నది అందరిదీ కావచ్చు. నీటి అడుగున ఉన్న కంకర మాత్రం ఎవరో ఒకరిదే. బంగారు సీమలో ఏటి గర్భం చాలాచోట్ల పక్క ఒడ్డుతో పాటే క్లెయిమ్‌లోనో, ప్రైవేటు పట్టాలోనో ఉంటుంది. మోకాలి లోతు నీళ్లలో నిలబడినంత మాత్రాన హద్దు మాయమవదు.

అపోహ: క్లెయిమ్ కొంటే అడవిలో ఇల్లు కొన్నట్టే

అమ్మకానికి పెట్టిన క్లెయిమ్‌ల ప్రకటనలు చూస్తే కళ్లు తిరుగుతాయి. ఏటి ఒడ్డున 20 ఎకరాలు, కారు ధరకే! కొనేవాడికి దక్కేది ఖనిజం మీద హక్కు, భూమి కాదు. ఒకప్పుడు ఈ చట్టం కింద ఎకరం రెండున్నర, అయిదు డాలర్లకు పట్టా కూడా ఇచ్చేవారు. 1994 నుంచి కొత్త పట్టా దరఖాస్తులు తీసుకోవడం ఆపేశారు. క్లెయిమ్ మీద క్యాబిన్ కట్టుకుని పదవీ విరమణ జీవితం గడుపుదామనుకుంటే కుదరదు. క్లెయిమ్ పేరుతో బీఎల్‌ఎం భూమిలో 90 రోజుల్లో 14 రోజులు మించి మకాం ఉండాలంటే అది నిజంగా గని పనికే అవసరమని ఒప్పించాలి.

ఇంకొకటి, ఇది మన పాఠకులకు ముఖ్యం. క్లెయిమ్ వేసే హక్కును 1872 చట్టం అమెరికా పౌరులకు, పౌరులవుతామని అధికారికంగా ప్రకటించినవారికి ఇచ్చింది. హెచ్1బీ వీసా మీద ఉన్నానంటే సరిపోదు. అనుమతి ఉన్న గట్టున పళ్లెం పట్టుకుని కూచోవడానికి ఎవరూ పాస్‌పోర్టు అడగరు. మీ పేరున గుంజ పాతేముందు మాత్రం లాయరును అడగండి.

అపోహ: అడవిలో టెంట్‌కు లెక్కా పత్రం ఉండదు

క్యాంప్‌గ్రౌండ్ బయట, నీళ్లు, బాత్‌రూమ్ ఏమీ లేనిచోట ఉచితంగా గుడారం వేసుకోవడాన్ని అక్కడ 'డిస్పర్స్‌డ్ క్యాంపింగ్' అంటారు. ఫారెస్టులో, బీఎల్‌ఎంలో చాలాచోట్ల కుదురుతుంది, అన్నిచోట్లా కాదు. మామూలుగా 14 రోజులు గడువు. బీఎల్‌ఎంలో 28 రోజుల్లో 14 అన్నది సాధారణం, ఫారెస్టుల్లో ఒక్కోచోట ఒక్కో లెక్క. ప్రతి నేషనల్ ఫారెస్టూ వాహనాలు ఏ దారిలో పోవచ్చో చూపే మ్యాపును ఉచితంగా ఇస్తుంది. అందులో దారి గీతకు ఇరువైపులా చుక్కలు కనిపిస్తే, ఆ దారి పక్కన కారు ఆపి టెంట్ వేసుకోవచ్చని అర్థం. చుక్కల్లేని దారి పక్కన అలా దిగిపోకూడదు.

కాలిఫోర్నియాలో పొయ్యి వెలిగించాలంటే, చిన్న గ్యాస్ స్టవ్ అయినా సరే, క్యాంప్‌గ్రౌండ్ బయట 'క్యాంప్‌ఫైర్ పర్మిట్' ఉండాలి. ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తారు. వేసవిలో నిప్పు మీద పూర్తి నిషేధం పడితే ఆ పర్మిట్ కూడా పనిచేయదు. పర్మిట్‌దేముందిలే అని ఇడ్లీ కుక్కర్ ఎక్కించేవాళ్లు ఊళ్లకు ఊళ్లు కాలిపోయిన రాష్ట్రంలో ఉన్నామని గుర్తుపెట్టుకోవాలి. మలవిసర్జనకు నీటికి 200 అడుగుల దూరంలో ఆరు నుంచి ఎనిమిది అంగుళాల గుంట తీయాలి. దీన్ని రాయడానికి మొహమాటపడే పత్రికలుంటాయి, కానీ ఏటి దిగువన మరో కుటుంబం నీళ్లు తోడుకుంటోంది.

అపోహ: చిన్న మోటారు పెడితే ఎవరికేం నష్టం

బీఎల్‌ఎం నియమాల్లో 'సాధారణ వాడకం' అనేది ఒకటుంది. పళ్లెం, చేతి పార, మోటారు లేని స్లూస్ పెట్టె (కంకర కడిగే వాలు తొట్టి), మెటల్ డిటెక్టరు దాని కిందికి వస్తాయి. భూమికి చెప్పుకోదగ్గ గాయం కానంతవరకు, క్లెయిమ్ లేనిచోట, వీటికి ముందస్తు నోటీసు అక్కర్లేదు. అంతకుమించి యంత్రంతో తవ్వాలంటే, అయిదెకరాలకు లోపు తవ్వకానికైనా 15 రోజుల ముందు నోటీసు ఇచ్చుకోవాలి, పెద్దదైతే పూర్తి ప్రణాళిక సమర్పించాలి. ఫారెస్టుదీ దాదాపు ఇదే పద్ధతి.

నీటి అడుగు కంకరను మోటారుతో పీల్చే సక్షన్ డ్రెడ్జ్ కథ వేరు. కాలిఫోర్నియా 2009 ఆగస్టులో దాన్ని ఆపేసింది. సాల్మన్ చేపలు గుడ్లు పెట్టేది ఆ కంకరలోనే. క్లెయిమ్ ఉన్నవాడికి కేంద్ర చట్టం ఇచ్చిన హక్కును రాష్ట్రం ఎలా ఆపుతుందని కోర్టుకెళ్లారు. 2016లో రాష్ట్ర సుప్రీంకోర్టు నిషేధాన్నే సమర్థించింది. పాత వీడియోలు చూసి అలాంటి యంత్రం కొనుక్కోకండి.

అపోహ: మెరిసిందల్లా బంగారం, దొరికిందల్లా లాభం

పళ్లెం పని దగ్గరగా చూస్తే అందులో మాయ లేదు. మన ఊళ్లలో కంసాలి కొట్ల ముందు మట్టి ఊడ్చి, మురికి కాలవ పక్కన గిన్నెలో తిప్పి తిప్పి కడిగేవాళ్ల పనే ఇదీనూ. పళ్లెం నిండా కంకర తీసుకుని నీళ్లలో ముంచాలి, గడ్డలు చేత్తో చిదపాలి, పెద్ద రాళ్లు కడిగి పారేయాలి. తర్వాత పళ్లాన్ని అటూ ఇటూ గట్టిగా కుదపాలి. బరువైనది అడుక్కి దిగుతుంది. పళ్లెం ముందుకు వంచి పైపొరను నీళ్లతో జారవిడవాలి. ఇలా పదిసార్లు చేశాక చివరకు నల్ల ఇసుక మిగులుతుంది, ఎక్కువగా మాగ్నెటైట్. ఆ నల్లటి తోక చివర పసుపు చుక్క ఉందా లేదా అన్నదే ప్రశ్న.

బంగారం నీటికంటే 19 రెట్లకు పైగా బరువు. పైరైట్ అయిదు రెట్లే, క్వార్ట్జ్ ఇసుక మూడు రెట్లు కూడా ఉండదు. అందుకే అభ్రకం తళుకు నీళ్లలో తేలి తిరుగుతుంటే బంగారం కదలకుండా అడుగున కూచుంటుంది. నీడ పడేలా చేత్తో కప్పి చూడండి. పైరైట్, అభ్రకం నీడలో వెలవెలబోతాయి. బంగారానికి ఎండ అక్కర్లేదు, నీడలోనూ అదే పసుపు. వెతకాల్సింది కూడా ఏటి మధ్యలో కాదు. నది మలుపు తిరిగేచోట లోపలి ఒడ్డు, పెద్ద బండరాయికి దిగువన ఉన్న గుంట, అడుగు బండలోని నెర్రెలు, వీటిలో నీటి వేగం తగ్గి బరువైనది ఆగుతుంది.

చుక్క పసుపుగా కాకుండా వెండిలా ఉంటే సంతోషించకండి. అది పాదరసం అంటిన బంగారం కావచ్చు. నాటి గనుల్లో బంగారాన్ని పట్టడానికి పాదరసం పోసేవారు. కాలిఫోర్నియాలో అలా నేలపాలైనది దాదాపు 45 లక్షల కిలోలని అంచనా. పాదరసం అంటిన ఆ చుక్కను వంటింట్లో వేడిచేసి విడదీయాలని చూస్తే ఆవిరి ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. ఆ పని వద్దు, తిరిగి ఏట్లో పోయడమూ వద్దు. మూతబిగించిన సీసాలో పెట్టి కౌంటీ ప్రమాదకర వ్యర్థాల కేంద్రంలో ఇవ్వండి.

ఇక లాభం సంగతి. రోజంతా నడుం వంచి కడిగితే కొత్తవాడికి కొన్ని రేకులు, కొంచెం పొడి. ఇంటి నుంచి పోను రాను పెట్రోలు ఖర్చు రాదు. సరదాగా వెళితే సరదా దక్కుతుంది, దాన్ని నేను తక్కువ చేయను. ఆదాయం అనుకుని వెళ్లినవాడికే అసంతృప్తి.

అపోహ: పాత గని శిథిలాలు ఎవరివీ కావు

తుప్పు పట్టిన పళ్లెం, సీసా, గుర్రపు నాడా. కేంద్ర భూమిలో వందేళ్లు దాటిన అలాంటి వస్తువులకు 1979 చట్టం రక్షణ ఉంది. ఫోటో తీసుకుని అక్కడే వదలండి. పాడుబడ్డ సొరంగాల్లోకైతే తొంగి చూడటం కూడా వద్దు. లోపల చెడు గాలి, కుళ్లిన కర్రలు, చీకట్లో కనబడని నిలువు గోతులుంటాయి.

అపోహ: అక్కడ కడిగాం, ఇండియా వెళ్లినప్పుడు ఇక్కడా కడుగుదాం

రామగిరి, జొన్నగిరి, చిగురుగుంట పేర్లు చదివి సెలవుల్లో పళ్లెం పట్టుకుని బయల్దేరాలనుకునే ఉత్సాహవంతులకు ఒక మాట. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఖనిజాన్వేషణ చేయకూడదు. సామాన్యుడికి తలుపు తెరిచే 1872 తరహా చట్టం మనకు లేదు. రిజర్వు ఫారెస్టులో అనుమతి లేకుండా అడుగుపెట్టి గుడారం వేయడమే తప్పు. పాతిపెట్టిన నగో నాణెమో దొరికినా, 1878 నిధుల చట్టం ప్రకారం పది రూపాయలకు మించి విలువుంటే కలెక్టరుకు తెలియజేయాలి. గుప్తనిధుల కోసం గుడుల్లో తవ్వేవాళ్ల మీద పోలీసు కేసులు ఊరికే పడటం లేదు.

కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లకైతే బీఎల్‌ఎం మదర్ లోడ్ ఆఫీసు ఎల్ డొరాడో హిల్స్‌లోనే ఉంది, యూబా నది ప్రాంతపు రేంజర్ ఆఫీసు క్యాంప్టన్‌విల్‌లో ఉంది. బయల్దేరే ముందు ఒక పనిదినాన ఫోన్ చేసి నాలుగు ప్రశ్నలు అడగండి: ఈ చోటు మీదేనా, క్లెయిమ్‌లకు తెరిచి ఉందా, ఏ పనిముట్లు తేవచ్చు, రాత్రి ఎక్కడ పడుకోవచ్చు. చెప్పినాయన పేరు, తేదీ రాసుకోండి.